సంగీత పత్రికల విషయసూచిక పుట

విషయసూచిక పుట అనగా పత్రికలో ఏ అంశం ఏ పుటలో ఉన్నదో తెలిపే పుట. గ్రంథంలోని విషయసూచికకు ఉన్న పని ఇంతే. పత్రికలోని దానికి మరొక పని కూడా కలదు. ముఖచిత్రం చూచి పత్రికను చేతిలోనికి తీసుకున్న వ్యక్తి, కొనుటకు ముందు తిరగవేసే మొదటి పుటలలో ఇది ఒకటి. "ఇది నా వంటివారి కొరకే" అని అతనికి అనిపించకపోతే పత్రిక తిరిగి అరలోనికి పోతుంది. బ్రిటన్‌కు చెందిన మూడు పత్రికలు దీనికి మంచి ఉదాహరణలు.

ఎన్.ఎమ్.ఇ.

న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ 1952లో ప్రారంభమైన వారపత్రిక. 2000వ దశకంలో దీని విషయసూచికలో ఒక ప్రక్కన "బ్యాండ్ ఇండెక్స్" అనే పట్టిక ఉండేది. సంచికలో ప్రస్తావించిన బృందాల పేర్లు ఆంగ్ల అక్షరక్రమంలో, ఎదురుగా పుటసంఖ్యతో ఇచ్చేవారు. ఈ పాఠకుడు వ్యాసాల కొరకు కాక, ముందుగా తన అభిమాన బృందం పేరు కొరకు వెదుకుతాడని సంపాదకులకు తెలుసు. పట్టికలో అందరి పేర్లూ ఒకే పరిమాణపు అక్షరాలలో ఉండేవి. లక్షల రికార్డులు అమ్మిన బృందం ప్రక్కనే నిన్న మొన్న పుట్టిన బృందం పేరు కనబడేది. కొత్తవారిని అందరికంటే ముందు తెలుసుకున్నామని గర్వించే యువతకు ఇంతకంటే కావలసినదేమున్నది? పుట అడుగున చందాదారులుగా చేరమనే ప్రకటన ఉండేది.

క్యూ

మార్క్ ఎలెన్, డేవిడ్ హెప్‌వర్త్ 1986లో స్థాపించిన మాసపత్రిక. వయసు పెరిగినా సంగీతం కొనుట మానని వారిని నాటి పత్రికలు పట్టించుకొనుట లేదని వీరు భావించారు. అందువలన ఎరుపు, తెలుపు రంగులతో పుట తీరుగా ఉండేది. ప్రత్యేక వ్యాసాలు ఒక వరుసలో, ప్రతి నెలా వచ్చే శీర్షికలు మరొక వరుసలో ఉండేవి. సమీక్షలకు విడిగా చోటు కేటాయించేవారు. ఏ ఆల్బమ్ కొనాలో తెలుసుకొనగోరే పాఠకునికి అదే ముఖ్యం కదా.

కెరాంగ్

హెవీ మెటల్ సంగీతానికి సంబంధించిన ఈ పత్రిక 1981లో సౌండ్స్ పత్రికకు అనుబంధంగా వెలువడినది. పేరు ఎలక్ట్రిక్ గిటారు తీగలను గట్టిగా మీటినపుడు వచ్చే ధ్వనికి అనుకరణ. దీని విషయసూచిక కిక్కిరిసి ఉండేది: నలుపు, పసుపు పట్టీలు, అనేక ఛాయాచిత్రాలు, వాటిపైనే పుటసంఖ్యలు. గోడకు అంటించుకొనే పోస్టర్ల వివరాలు కూడా సూచికలో చేరేవి.

బోధనలో

ఇంగ్లండులోని ఓ.సి.ఆర్. పరీక్షా మండలి వారి మీడియా స్టడీస్ పాఠ్యక్రమంలో సంగీత పత్రిక ముఖచిత్రం, విషయసూచిక, రెండు పుటల వ్యాసం తయారుచేయుట ఒక అభ్యాసంగా ఉండేది. ఇటువంటి అభ్యాసాలలో "నలుపు, పసుపు యువతను ఆకర్షిస్తాయి" అని వ్రాసి ఊరకుంటే చాలదు. బొంబాయి టాక్సీ రంగులు కూడా అవే. ఆ పాఠకుడు పుటలో మొదట దేనిని వెదుకుతాడో చెప్పగలగాలి.

ప్రస్తుత స్థితి

అంతర్జాలంలో పాఠకుడు నేరుగా వ్యాసానికే చేరుతున్నందున విషయసూచిక ప్రాధాన్యం తగ్గినది. బ్యాండ్ ఇండెక్స్ చేసిన పనిని శోధన పెట్టె చేస్తున్నది. అయితే అందులో తెలిసిన పేరునే వెదకగలము, తెలియని పేరు ప్రక్కన కంటబడదు. ఎన్.ఎమ్.ఇ. 2015లో ఉచిత పత్రికగా మారి, 2018లో ముద్రణ నిలిపివేసి, 2023లో రెండు నెలలకొక సంచికగా తిరిగి ముద్రణ ఆరంభించినది. క్యూ 2020లో మూతబడినది.