మూగ ఫోను... మాట్లాడే మిషను

రిసీవర్ ఎత్తితే చప్పుడు లేదు. ఫిర్యాదు చేద్దామంటే అవతల మనిషి లేడు. 'తెలుగు కోసం ఒకటి నొక్కండి...' అంటూ ఓ గొంతు మొదలుపెడుతుంది. ఆ గొంతుతో పని చేయించుకోవడం తెలిస్తే సగం రిపేరు అయిపోయినట్టే!

ముదినేపల్లిలో ఓ పెద్దాయన ఒక్కరే ఉంటున్నారనుకోండి. కొడుకు హైదరాబాద్‌లో, కూతురు అమెరికాలో. సెల్‌ఫోన్ ఉంది కానీ అందులో అక్షరాలు కనపడవు, ఛార్జింగ్ పెట్టడం గుర్తుండదు. హాల్లో బల్ల మీదున్న ల్యాండ్‌లైనే ఆయనకు అలవాటు. రాత్రి తొమ్మిదింటికి కూతురు ఫోన్ చేసింది. ఆమెకు రింగు వినిపిస్తూనే ఉంది. ఇక్కడ మాత్రం ఫోను మోగలేదు. 'నాన్న ఎత్తడం లేదేంటి?' అని అక్కడ ఒకటే గాభరా.

ఇందులో వింతేమీ లేదు. తీగ తెగిపోయినా, ఫోన్ చేసినవాళ్లకు చాలాసార్లు రింగు వినిపిస్తూనే ఉంటుంది. ఆ రింగు మన ఇంటి నుంచి కాదు, ఎక్స్ఛేంజి నుంచి వస్తుంది మరి! అందుకే ఇలాంటి ఇళ్లలో ఫోను మూగబోవడం చిన్న విషయం కాదు.

తడి నేల... రాగి తీగ

గుడివాడ నుంచి కైకలూరు వెళ్లే దారిలో ఉండే ముదినేపల్లి, 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి కొత్త ఏలూరు జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా నేల అదే. చుట్టూ చేపల చెరువులు, పంట కాలవలు, ఆ పక్కన కొల్లేరు. రాగి తీగకేమో తడి పడదు. భూమిలో వేసిన కేబుల్ జాయింటులోకి నీరు దిగితే ముందు గరగర మొదలవుతుంది, తర్వాత పక్కవాళ్ల మాటలు వినిపిస్తాయి, ఆఖరికి లైను డెడ్ అవుతుంది. చెరువు గట్టుకో, రోడ్డుకో మట్టి తవ్వే పొక్లెయిన్ తగిలిందా... ఒక్క దెబ్బకు బోలెడన్ని ఇళ్ల ఫోన్లు మూగబోతాయి.

ముందు ఇంట్లో చూడండి

తప్పు వీధిలో ఉందా, ఇంట్లో ఉందా? ఫిర్యాదు చేసేముందు ఐదు నిమిషాలు కేటాయిస్తే తేలిపోతుంది.

* ఒకే లైనుకు రెండు మూడు ఫోన్లు ఉంటే అన్నీ చూడండి. పడగ్గదిలో రిసీవర్ ఒరిగి ఉన్నా లైను ఎంగేజ్‌లోనే ఉంటుంది.

* ఫోన్లన్నీ తీసేసి, పక్కింటి నుంచి బాగా పనిచేసే ఫోను తెచ్చి గోడకున్న రోజెట్‌కు నేరుగా పెట్టండి. డయల్ టోన్ వస్తే తప్పు మన ఫోనుదో, వైరుదో. రాకపోతే లోపం ఆ రోజెట్ దగ్గరో, బయట నుంచి వచ్చే తీగలోనో ఉన్నట్టు.

* అదే రాగి తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ కూడా ఉంటే మధ్యలో స్ప్లిటర్ అనే చిన్న డబ్బా ఉంటుంది. అది తీసి చూడండి. గరగర చాలాసార్లు దాని చలవే.

* ఫోను మాట్లాడుతుంది కానీ మోగదు అంటారా? ముందు రింగర్ స్విచ్ చూడండి. తుడిచేటప్పుడు చెయ్యి తగిలి ఆఫ్ అయిపోతూ ఉంటుంది.

పాత రాగి లైనుకు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి దాదాపు 48 వోల్టుల కరెంటు వస్తుంది. అందుకే ఇంట్లో కరెంటు పోయినా ఆ ఫోను పనిచేస్తుంది. ఫైబర్ లైనుకు ఆ సౌకర్యం లేదు. ఇంట్లో ఉండే ఓఎన్‌టీ పెట్టెకు కరెంటు లేకపోతే ఫోనూ లేదు. దానికో చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టించడం మంచిది. పెట్టె మీద 'ఎల్‌ఓఎస్' అనే చోట ఎర్ర దీపం వెలిగితే వెలుతురు అందడం లేదని, అంటే తీగ తెగి లేదా మడతపడి ఉండొచ్చని అర్థం. ఆ తీగను వంచకండి, ఊడిన కొసలోకి కన్ను పెట్టి చూడకండి.

మిషను చెవికి వినిపించాలి కదా!

ఒకప్పుడు ట్రంకాల్ కావాలంటే ఆపరేటర్ అమ్మాయిని బతిమాలుకునేవాళ్లం. 2000 అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ ఏర్పడ్డాక కూడా లైను చెడితే 198 తిప్పేవాళ్లం. అక్కడే మనిషి స్థానంలోకి మిషను వచ్చింది. మనం ఒక బటన్ నొక్కితే రెండు స్వరాలు ఒకేసారి వెళ్తాయి. ఉదాహరణకు 'ఒకటి' అంటే 697, 1209 హెర్ట్జ్‌ల జంట. ఈ పద్ధతి 1963లో అమెరికాలో జనంలోకి వచ్చింది. మిషనుకు అర్థమయ్యే భాష ఇదొక్కటే.

'ఎన్నిసార్లు నొక్కినా తప్పు అంటోందండీ' అని చాలామంది విసుక్కుంటారు. దానికి కారణాలు రెండు. ఫోను పల్స్‌లో ఉంటే అంకెకు బదులు టిక్‌టిక్‌లు వెళ్తాయి. ఫోను అడుగునో, పక్కనో ఉండే స్విచ్‌ను టోన్ వైపు జరపండి. చాలా ఫోన్లలో స్టార్ గుర్తు నొక్కినా ఆ కాల్ వరకు టోన్‌లోకి మారుతుంది. ఇక రెండోది లైనులో గరగర. ఆ రొదలో మిషనుకు మన అంకె వినపడదు. అప్పుడు వేరే ఫోను నుంచి చేయడమే మేలు.

ఇక్కడో మెలిక ఉంది. సెల్ నుంచి 198 చేస్తే అది ఆ సెల్ కంపెనీకే వెళ్తుంది, మీ ల్యాండ్‌లైన్ కంపెనీకి కాదు! బిల్లు మీదున్న టోల్‌ఫ్రీ నంబరుకు చేయండి. చెడిపోయిన ఫోను నంబరు అడిగితే ఎస్‌టీడీ కోడ్‌తో సహా నొక్కండి. ఏలూరైతే 08812, తాడేపల్లిగూడెమైతే 08818.

డాకెట్ నంబరు వదలొద్దు

ప్రతి ఫిర్యాదుకూ ఓ డాకెట్ నంబరు ఇవ్వాలని ట్రాయ్ 2012లో నిబంధన పెట్టింది. ఆ నంబరు లేకుండా ఫోన్ పెట్టేశారంటే మీరు ఫిర్యాదు చేయనట్టే. తేదీ, సమయంతో సహా రాసుకోండి. ఫోను బాగుకాకుండానే 'సరిచేశాం' అని కబురొస్తే ఊరుకోవద్దు. అదే నంబరు చెప్పి మళ్లీ అడగండి. అప్పటికీ పని జరగకపోతే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లొచ్చని ఆ నిబంధనల్లోనే ఉంది. గడువు 30 రోజులు, ఫీజు లేదు. 39 రోజుల్లో వాళ్లు తేల్చాలి.

లైను మూడు రోజులకు మించి మూగబోతే అద్దె తగ్గించాలని 2009 నాటి నిబంధనలు చెప్పాయి. మూడు దాటితే ఏడు రోజుల అద్దె, ఏడు దాటితే పదిహేను రోజులది, పదిహేను దాటితే నెల అద్దె. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి కాబట్టి, ఇప్పుడు ఎంత వస్తుందో కంపెనీని అడగండి.

ఆ గొంతు తనే ఫోన్ చేస్తే?

మనం మిషనుకు ఫోన్ చేయడం ఒక ఎత్తు. మిషనే మనకు ఫోన్ చేయడం ఇంకో ఎత్తు. 'మీ ఫోను రెండు గంటల్లో కట్ అవుతుంది. వివరాలకు తొమ్మిది నొక్కండి' అంటూ ట్రాయ్ పేరుతో కాల్స్ వస్తున్నాయి. నొక్కారంటే దొంగ 'అధికారి' లైన్లోకి వస్తాడు, ఆధార్ దగ్గర మొదలుపెట్టి బ్యాంకు ఖాతా దాకా వెళ్తాడు. కనెక్షన్లు తీసేస్తామంటూ తాము ఎవరికీ ఫోన్ చేయమని ట్రాయ్ చెప్పింది. ఏ బటనూ నొక్కకుండా పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పండి. ఇలాంటి కాల్స్ గురించి ఫిర్యాదు చేయడానికి సంచార్ సాథీలో 2024 మార్చి నుంచి 'చక్షు' అనే ఏర్పాటు ఉంది.

ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మానాన్నల కోసం ఓ చిన్న పని చేసి రండి. అట్టముక్క మీద పెద్ద పెద్ద అక్షరాలతో ఎస్‌టీడీ కోడ్‌తో ఇంటి నంబరు, ఫిర్యాదు నంబరు, పక్కింటివాళ్ల సెల్ నంబరు రాయండి. కింద డాకెట్ నంబరు రాసుకోవడానికి ఖాళీ వదలండి. అన్నిటికంటే అడుగున 'వాళ్లే ఫోన్ చేసి నొక్కమంటే నొక్కొద్దు' అని రాసి, ఫోను పక్కన గోడకు అతికించండి.