గుర్రాల బాటలో కాలినడక

మెనోర్కా దీవిలోని స్యుతదెల్యా పట్టణంలో ఏటా జులై 9న ఒక పాత పత్రాన్ని అందరి ముందూ చదువుతారు. 1558లో అదే రోజున ఒట్టోమన్ నౌకాదళం ఆ ఊరి కోటను ఛేదించింది. వేల మంది సైనికులు రోజుల తరబడి ముట్టడించి లోపలికి చొరబడ్డారు. ఇళ్లు తగలబెట్టారు, దొరికినవాళ్లను దొరికినట్టే ఓడలెక్కించారు. మూడు వేల మందికి పైగా బానిసలై కాన్‌స్టాంటినోపుల్ చేరారు. ఆ బందీల్లో కొందరు, జరిగిందంతా పూసగుచ్చినట్టు అక్కడే రాయించిన పత్రమది. నాలుగున్నర శతాబ్దాలు దాటినా ఊరు దాన్ని మరవలేదు.

పశ్చిమ మధ్యధరాలో ఉన్న ఈ చిన్న దీవికి తీరం అంటే అప్పట్లో భయం. ఏ ఓడ ఎటునుంచి వస్తోందో కనిపెట్టాలి, క్షణాల్లో కబురందించాలి. ఆ అవసరంలోంచే దీవి చుట్టూ గుర్రం మీద కాపలా తిరిగే దారి రూపుదిద్దుకుంది. పేరు ‘కమీ దె కవాల్స్’... గుర్రాల బాట. మొత్తం 185 కిలోమీటర్లు. ఎక్కడ మొదలుపెట్టి నడిచినా తిరిగి అక్కడికే చేరుస్తుంది. ఇప్పుడు ఆ దారిలో పదిమంది లోపు బృందాలు కర్రలు చేతబట్టి, వీపున సంచులు తగిలించుకుని, ముందొక గైడ్ నడుస్తుంటే వరసగా సాగిపోతుంటాయి. స్పెయిన్‌కి చెందిన బాలియారిక్ దీవుల్లో మయోర్కాకు రిసార్టులతో, ఇబిజాకు రాత్రి పార్టీలతో పేరొచ్చింది. వాటి పక్కనే ఉన్న మెనోర్కాకు ఈ కాలిబాటే పెద్ద ఆస్తి.

ఆస్తి అన్న మాటకు ఇక్కడ బరువుంది. ఎందుకంటే ఈ దారి కొన్ని దశాబ్దాల పాటు జనానికి దక్కకుండా పోయింది. కాపలా అవసరం తీరాక గుర్రాలు ఆగిపోయాయి. దారి పొలాల్లో కలిసింది. భూస్వాములు గేట్లు పెట్టి తాళాలు వేశారు. పర్యటకం పెరిగి తీరంలో గజం నేలకు కూడా ధర పలికే రోజులొచ్చాక ఆ తాళాలు మరింత బిగిశాయి. తాతలు నడిచిన దారిలో మనవలు నడవబోతే ‘ఇది ప్రైవేటు స్థలం’ అన్న బోర్డు ఎదురొచ్చేది. 1990ల్లో దీవి జనం కదిలారు. గుంపులు గుంపులుగా ఆ దారి వెంటే నడిచి నిరసన తెలిపారు. చివరికి 2000 డిసెంబరులో బాలియారిక్ పార్లమెంటు ఈ ఒక్క దారి కోసమే ప్రత్యేకంగా చట్టం చేసింది. ఆపైన ఒక్కో యజమానితో మాట్లాడి, ఒప్పుకోని చోట చట్టాన్ని ముందుపెట్టి, పడిపోయిన గోడలు నిలబెట్టి, గుర్తులు పాతి... 2010లో బాటను అందరికీ తెరిచారు. స్పెయిన్ సుదూర నడకదారుల జాబితాలో ఇప్పుడు దాని పేరు జి.ఆర్. 223.

మెనోర్కాలో నడిచేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఇదే. ఇక్కడ వేసే ప్రతి అడుగూ ఎవరో పోరాడి తెచ్చిన హక్కు. మంచి గైడ్ మొదటి గేటు దగ్గరే ఈ కథ చెబుతాడు. ఆ గేటూ చూడదగ్గదే. అడవి ఆలివ్ కొమ్మల్ని వాటి వంపులు వాటికి ఉంచేసి, అడ్డంగా నిలువుగా కూర్చి చేస్తారు. వీటిని చేసే వడ్రంగులు దీవిలో ఇంకా ఉన్నారు. గేటు తీసి లోపలికి వెళ్లిన ఆఖరి మనిషి దాన్ని మళ్లీ మూసి తీరాలి. అవతల ఆవులు మేస్తుంటాయి. ఆ ఆవుల పాలతో చేసే మావో జున్నుకు 1985 నుంచీ భౌగోళిక గుర్తింపు ఉంది. దారి దక్కినా పొలం పొలంగానే మిగలాలన్నది నడిచేవాళ్లకీ రైతులకీ మధ్య కుదిరిన ఒప్పందం లాంటిది. గేటు మూయడం దానికి తొలి సంతకం.

బాటను ఇరవై అంచెలుగా విడగొట్టారు. చిన్నది అయిదున్నర కిలోమీటర్లు, పెద్దది పద్నాలుగుకు కాస్త తక్కువ. దారి పొడవునా కొయ్యగుంజల మీద గుర్తులున్నాయి, తప్పిపోవడం కష్టం. మరి గైడ్ ఎందుకు, బృందం ఎందుకు?

మొదటి కారణం చాలా మామూలుది. ఉత్తర తీరంలో కొన్ని అంచెలు మొదలయ్యే చోటా, ముగిసే చోటా ఊరుండదు. దుకాణం ఉండదు, మంచినీళ్లుండవు, బస్సూ రాదు. దారిలో గుడారం వేసుకుని పడుకోవడం నిషిద్ధం. అంటే పొద్దున ఒకచోట దిగిన మనిషిని సాయంత్రం ఇంకోచోట ఎక్కించుకునేందుకు వ్యాను కావాలి. బృందంతో వెళితే ఆ ఏర్పాటు నిర్వాహకులే చూసుకుంటారు. సామాను హోటల్లోనే ఉంటుంది. భుజాన ఉండేది నీళ్లు, రొట్టె, టోపీ, తువ్వాలు. ఒక్కరే వెళ్లేవాళ్లు చాలామంది సులువైన దక్షిణ తీరంతో సరిపెట్టుకుని వెనుదిరిగేది ఈ రవాణా చిక్కుతోనే.

రెండో కారణం గాలి. ఉత్తరాన ఫ్రాన్స్ వైపు నుంచి వీచే ‘త్రముంతానా’ ఈ దీవికి యజమాని. అది వీచే రోజున ఉత్తరపు కొండచరియల మీద నిలబడటమే కష్టం. ఆ రోజు ఏ తీరాన నడవాలో గైడ్ ముందు రాత్రే తేల్చుకుంటాడు. ఉత్తరం పనికిరాకపోతే దక్షిణం, ఎండ మరీ ఎక్కువైతే పైన్ చెట్ల నీడ ఉన్న అంచె. కార్యక్రమం కాగితం మీద ఉన్నట్టే జరగాలని పట్టుబట్టే యాత్రికులకు ఇది మొదట్లో మింగుడుపడదు. వంగిపోయిన చెట్లను చూశాక ఆ పట్టు సడలుతుంది. ఉత్తర తీరంలో అడవి ఆలివ్ చెట్లన్నీ దువ్వెనతో దువ్వినట్టు దక్షిణానికి వాలి పెరుగుతాయి. నేలబారున మెత్తలా పరుచుకుని కనిపించే ముళ్ల పొదలూ ఆ గాలికీ, దాంతో వచ్చే ఉప్పుకీ తలొంచి బతకడం నేర్చినవే. మెత్తగా ఉన్నాయి కదా అని కూర్చోకూడదని గైడ్లు ముందే హెచ్చరిస్తారు.

మూడోదే అసలు కారణం. ఈ తీరం చదవడం వచ్చినవాళ్ల పక్కన నడిస్తేనే అర్థమవుతుంది.

దీవి విస్తీర్ణం దాదాపు 700 చదరపు కిలోమీటర్లు. ఇంత కాస్త నేలలో రెండు వేర్వేరు లోకాలున్నాయి. ఉత్తరాన 40 కోట్ల ఏళ్ల నాటి నల్లని పలకరాయి, ఎర్ర ఇసుకరాయి. దక్షిణాన వాటితో పోలిస్తే నిన్నమొన్నటిదైన తెల్లని సున్నపురాయి, అందులో వాననీరు కోసిన లోయలు. ఫవారిచ్ దీపస్తంభం దగ్గర నేల బొగ్గులా నల్లగా ఉంటుంది. దాని మీద 1922 నాటి దీపస్తంభం తెలుపు నలుపు చారలతో నిలబడి ఉంటుంది. దక్షిణాన మకరెల్యా దగ్గర తెల్లని గోడల మధ్య నీలాల నీళ్లు. ఫొటోల్లో అందరూ చూసే మెనోర్కా ఇదే. వేసవిలో ఇక్కడి తాకిడి తట్టుకోలేక సొంత కార్లు ఆపేసి బస్సులు నడపాల్సి వచ్చింది.

నడకలో రుచి తెలిసినవాళ్లు మాత్రం ఆరో అంచె గురించే చెబుతారు. బినిమెలా నుంచి ఎల్స్ అలోక్స్ దాకా తొమ్మిది కిలోమీటర్లకు కాస్త తక్కువ. దూరం చూసి తేలిక అనుకుంటే పొరపాటే, ఇరవై అంచెల్లోనూ మోకాళ్లను పరీక్షించేది ఇదే. బయల్దేరేచోట ఇసుక ఇటుకపొడిలా ఎర్రగా ఉంటుంది. అరగంటలో ప్రెగోండా వస్తుంది. తీరానికి కొంచెం దూరంలో పసుపుపచ్చని రాతిగుట్టలు నీళ్లలోంచి లేచి, లోపలి నీటిని చెరువులా నిమ్మళంగా ఉంచుతాయి. చాలామంది అక్కడే తువ్వాలు పరిచేసి ఆగిపోతారు. ఆ తర్వాతి మలుపు నుంచీ దారి ఖాళీ. ఎక్కడం, దిగడం, ఒక గులకరాళ్ల రేవు, మళ్లీ ఎక్కడం. కంటికి ఇల్లన్నది ఆనదు. బృందంలో ఎంత మాటకారులున్నా ఈ ఎక్కుళ్లలో మాటలు తగ్గిపోతాయి. ముందున్నవాళ్లు శిఖరం మీద ఆగి వెనకున్నవాళ్ల కోసం చూడటం, ఎవరి సీసాలో నీళ్లయిపోతే పక్కవాళ్లు పోయడం ఇక్కడే మొదలవుతుంది. పొద్దున వ్యాన్‌లో పేర్లు కూడా తెలియని మనుషులు మధ్యాహ్నానికి ఒకరి అడుగు వేగం ఒకరికి తెలిసినవాళ్లవుతారు. ఇరవై ముప్ఫైమంది గుంపులో ఇది జరగదు. ఇరుకు దారిలో అంతమంది వెళితే ముందువాళ్ల మాట వెనక్కి చేరదు, అంచులు తెగి బాట వెడల్పవుతుంది, పక్కనున్న మొక్కలు నలిగిపోతాయి. చిన్న బృందం అన్నది విలాసం కోసం పెట్టుకున్న హద్దు కాదు, దారి మోయగలిగే బరువు అంతే.

ఒడ్డున గోధుమరంగు ఆకులు మోకాలెత్తు పోగుపడి కుళ్లువాసన వేస్తుంటే కొత్తవాళ్లు మొహం చిట్లిస్తారు. చెత్త ఎందుకు ఎత్తడం లేదని అడుగుతారు. అది చెత్త కాదు. సముద్రం అడుగున పచ్చికబయళ్లలా పెరిగే పొసిడోనియా ఆకులు. నాచులా కనిపించినా వేళ్లూ పూలూ ఉన్న నిజమైన మొక్క. బతికున్నప్పుడు నీటిని తేటగా ఉంచుతుంది, చేపపిల్లలకు నీడనిస్తుంది. రాలిపోయాక ఒడ్డున మేటవేసి, శీతాకాలపు అలలు ఇసుకను ఈడ్చుకుపోకుండా కాస్తుంది. పడవల లంగర్లు ఈ పచ్చికను పెకలించకుండా 2018లో బాలియారిక్ ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వు తెచ్చింది. అందరూ మెచ్చే ఆ నీలిరంగు నీళ్లకూ, అందరూ ముక్కు మూసుకునే ఈ ఆకులకూ ఉన్న సంబంధం తెలిశాక బీచ్ ఇంకోలా కనిపిస్తుంది.

దీవి ఇలా మిగలడం వెనక కూడా మనుషులున్నారు. ఎస్ గ్రావ్ అనే పల్లె పక్కన పెద్ద మంచినీటి–ఉప్పునీటి మడుగు ఉంది, వలస పక్షుల విడిది. 1970ల్లో దాని ఒడ్డున విల్లాలు, గోల్ఫ్ మైదానంతో పెద్ద నివాస సముదాయం కట్టబోయారు. రోడ్లు కూడా వేశారు. పర్యావరణ కార్యకర్తలు ఏళ్ల తరబడి పోరాడి దాన్ని ఆపించారు. 1993లో దీవి మొత్తాన్నీ యునెస్కో జీవావరణ రిజర్వుగా గుర్తించింది. 1995లో ఆ మడుగు పరిసరాలు సహజ ఉద్యానవనమయ్యాయి. బాటలో రెండో అంచె ఎస్ గ్రావ్ నుంచే మొదలవుతుంది.

రాతిగోడల సంగతి చెప్పకుండా ఈ నడక పూర్తికాదు. సున్నం, మట్టి ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు దీవి అంతటా వేల కిలోమీటర్లు సాగుతాయి. ఇలాంటి పొడి రాతికట్టు విద్యను స్పెయిన్ సహా ఎనిమిది దేశాల తరఫున 2018లో యునెస్కో మానవాళి వారసత్వంలో చేర్చింది. వాయవ్యాన పుంతా నాతీ వైపు వెళితే చెట్టన్నది లేని రాతినేలలో, గొర్రెల కోసం అదే పద్ధతిలో మెట్ల గోపురాల్లా కట్టిన కొట్టాలు కనిపిస్తాయి. 1910 ఫిబ్రవరిలో మార్సెయ్ నుంచి అల్జీర్స్ వెళ్తున్న ‘జనరల్ షాంజీ’ అనే ఫ్రెంచి ఓడ తుపానులో ఇక్కడి బండలకే కొట్టుకుంది. ఓడలో ఉన్న నూట యాభై మందికి పైగా మనుషుల్లో బతికింది ఒకే ఒక్కడు. ఇక్కడి దీపస్తంభం ఆ విషాదం తర్వాత కట్టిందే.

దక్షిణాన కాలెస్‌కోవెస్ దగ్గర ఇంకా పాతకాలం ఎదురవుతుంది. రెండు పాయలుగా చీలిన చిన్న రేవు చుట్టూ నిట్టనిలువు గోడల్లో తొంభై దాకా గుహలు. క్రీస్తుకు పూర్వం శతాబ్దాల తరబడి మెనోర్కా జనం తమవారిని సమాధి చేసింది ఇందులోనే. దీవిలోని చరిత్రపూర్వ కట్టడాలకు 2023లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. ఇక తూర్పున, మావో పట్టణపు రేవు ముఖద్వారం దగ్గర, 1798లో దీవిని మూడోసారి చేజిక్కించుకున్న బ్రిటిష్‌వాళ్లు కట్టిన గుండ్రని బురుజు నిలిచి ఉంది. నాలుగేళ్లకే, 1802లో ఆమియాఁ సంధితో దీవిని స్పెయిన్‌కి వదిలి వెళ్లిపోయారు.

ఇదంతా చదువుతుంటే తెలుగువారికి విశాఖ – భీమిలి తీరం గుర్తుకు రావడం సహజం. తొట్లకొండ బౌద్ధారామం, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలిలో డచ్చివారి సమాధులు... ఒకే తీరం వెంట ఇంత చరిత్ర, ఇంత భూగర్భ విశేషం పేర్చి ఉంది. వీటిని చూడాలంటే ఇప్పుడు కారో బైకో ఎక్కాలి. ఒకదాన్నుంచి ఇంకోదానికి కాలినడకన తీసుకెళ్లే గుర్తులు పాతిన బాట, పక్కన నడుస్తూ ఎర్రమట్టి ఎలా పుట్టిందో చెప్పగల స్థానిక గైడ్... ఇవి మనకూ కావాలి. మెనోర్కా చేసింది గోడలు సర్దడం, గుర్తులు పాతడం లాంటి పనులే, అద్దాల వంతెనలు కట్టడం కాదు.

వెళ్లాలనుకునేవారికి ఏప్రిల్, మే నెలలు మంచివి. పూలుంటాయి, నీళ్లు మాత్రం చల్లగా ఉంటాయి. సెప్టెంబరు చివర, అక్టోబరులో అయితే నడక ముగించి హాయిగా సముద్రంలో దిగొచ్చు. జులై, ఆగస్టుల్లో నీడలేని ఉత్తర అంచెల జోలికి పోకపోవడమే మేలు. మన దేశం నుంచి నేరుగా విమానం లేదు. షెంజెన్ వీసా తీసుకుని బార్సిలోనా చేరితే అక్కడి నుంచి చిన్న విమానం, లేదా రాత్రి ఓడ. శాకాహారులు బృందం నిర్వాహకులకు ముందే చెప్పడం అవసరం, తీరపు ఊళ్లలో భోజనమంటే చేపలే. ఉత్తరాన ఫొర్నెల్స్ అయితే మట్టికుండలో వడ్డించే రొయ్యజాతి లాబ్‌స్టర్ పులుసుకు పేరుపొందింది. చీలమండను పట్టి ఉంచే బూట్లు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి. మొత్తం చుట్టి రావడానికి వారం పైనే పడుతుంది. రెండు రోజులే ఉన్నవాళ్లు గైడ్‌ని ఒక రోజు ఆరో అంచె, ఇంకో రోజు కాలెస్‌కోవెస్ మీదుగా సాగే పదిహేడో అంచె అడగొచ్చు. నల్లరాయీ ఎర్రరాయీ ఒక రోజు, తెల్లరాయి మరో రోజు చూసినట్టవుతుంది.