బాత్రూమ్ తలుపు ఎన్ని అంగుళాలు?

మన ఇళ్లల్లో అన్నిటికంటే ఇరుకైన తలుపు ఏదంటే బాత్రూమ్‌దే. సింహద్వారానికి నాలుగడుగులు, బెడ్రూమ్‌కి మూడు, బాత్రూమ్ దగ్గరికొచ్చేసరికి రెండున్నర. ఫ్రేమ్ మందం పోను మనిషి పట్టే ఖాళీ మిగిలేది 25, 26 అంగుళాలే. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు పూజగది చూస్తారు, మాడ్యులర్ కిచెన్ డ్రాయర్లు లాగి చూస్తారు. బాత్రూమ్ తలుపు వెడల్పు మాత్రం ఎవరూ చూడరు. ఇంట్లో ఒకరికి వాకరో, వీల్‌ఛైరో వచ్చేదాకా ఆ అవసరం కూడా రాదు.

మామూలు వీల్‌ఛైర్ వెడల్పే 24 నుంచి 26 అంగుళాలు ఉంటుంది. చక్రాలు తిప్పుకునే చేతులకు ఇంకాస్త చోటు కావాలి. అంటే మన బాత్రూమ్‌లు వీల్‌ఛైర్‌ని గుమ్మం దగ్గరే ఆపేస్తాయి.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది. 2021లో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ అందరికీ అనువైన కట్టడాల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. తలుపు దగ్గర అడ్డు లేని ఖాళీ 900 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మూడడుగులు. వీల్‌ఛైర్ తిరగడానికి 1500 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న జాగా, అంటే ఐదడుగులు. కమోడ్ సీటు ఎత్తు 450 నుంచి 480 మిల్లీమీటర్లు. ఇవన్నీ ఆఫీసులు, ఆస్పత్రులు, స్టేషన్ల గురించే మనం వింటాం. సొంతింటి బాత్రూమ్‌లోకి టేపు పట్టుకుని వచ్చి కొలిచే అధికారి ఎవరూ ఉండరు.

నీళ్లు మానేసిన అమ్మమ్మ

మా అమ్మమ్మకు 74 ఏళ్లు. తెనాలిలో మా అమ్మావాళ్లతోనే ఉంటుంది. మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టు తప్పాయి. ఫిజియోథెరపీ చేయించాక వాకర్ పట్టుకుని హాల్లో నడవగలిగింది. హమ్మయ్య అనుకున్నాం. ఆ తర్వాత నాలుగు నెలల్లో రెండుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. ‘నీళ్లు సరిగ్గా తాగట్లేదా?’ అని డాక్టరమ్మ అడిగితే అమ్మమ్మ ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక నాతో చెప్పింది.

‘నీళ్లు తాగితే లేవాలి కదే. నేను లేస్తే మీ అమ్మా లేవాలి.’

సాయంత్రం ఐదు దాటితే గ్లాసు ముట్టుకోవడం మానేసిందట.

బాత్రూమ్ అనగానే మనకు గుర్తొచ్చేది జారిపడటం. నిజమే, తుంటి ఎముక విరిగి మంచాన పడ్డవాళ్లు మనకు తెలిసిన ఇళ్లల్లోనే ఉంటారు. కానీ పడకుండానే జరిగే నష్టం ఇంకోటుంది. నీళ్లు తగ్గించుకోవడం, పెళ్లికి రానని చెప్పడం, కూతురింటికి వెళ్లి రెండ్రోజులు ఉండటం మానేయడం. అసలు కారణం పెద్దవాళ్లు చెప్పరు. ‘ఓపిక లేదమ్మా’ అంటారు. మనం నమ్మేస్తాం.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా టీమ్‌లో చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌తో టెస్ట్ చెయ్యకుండా యాప్‌ని బయటకు వదలం. బటన్ వేలికి అందకపోతే టెస్టర్ వెనక్కి పంపేస్తుంది. ఇంటికి అలాంటి టెస్టర్ ఉండదు. ఉండేది మేస్త్రి. ఆయన పాతికేళ్లుగా కడుతున్న కొలతలకే కడతాడు.

ఈ ఆలోచనకు పేరు పెట్టినాయన కథ కూడా బాత్రూమ్ దగ్గరికే వస్తుంది. ‘యూనివర్సల్ డిజైన్’ అనే మాటను వాడుకలోకి తెచ్చిన అమెరికా ఆర్కిటెక్ట్ రొనాల్డ్ మేస్‌కు తొమ్మిదేళ్ల వయసులో పోలియో సోకింది. ఆర్కిటెక్చర్ చదివే రోజుల్లో మెట్ల మీద ఆయన్ని మనుషులు మోసుకెళ్లాల్సి వచ్చేది. రెస్ట్‌రూమ్ తలుపులో ఆయన కుర్చీ పట్టేది కాదు. వికలాంగులకు వేరుగా ఏదో కట్టడం కాదు, మొదటే అందరికీ పనికొచ్చేలా కట్టమన్నది ఆయన వాదన.

టవల్ రాడ్ వేరు, గ్రాబ్ బార్ వేరు

మేం మొదట మార్చింది తలుపు. ‘బాత్రూమ్‌కి మూడడుగులా అమ్మా? అది బెడ్రూమ్ సైజు కదా’ అన్నాడు మేస్త్రి. గోడ కొట్టి ఫ్రేమ్ మార్చాడు. వెడల్పుతో పాటు తలుపు తెరుచుకునే దిక్కు కూడా మార్చాం. మన బాత్రూమ్ తలుపులు ఎక్కువగా లోపలికి తెరుచుకుంటాయి. లోపల మనిషి తలుపు వెనకే పడిపోతే బయటివాళ్లు ఎంత నెట్టినా అది రాదు. బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరిగే స్లైడింగ్ తలుపు ఉండాలి. పైన బిగించే టవర్ బోల్ట్ తీసేసి, అవసరమైతే నాణెంతో బయటి నుంచి తిప్పగలిగే గడియ పెట్టించాం.

గ్రాబ్ బార్ దగ్గర గొడవైంది. అమ్మకు ఇష్టం లేదు. ‘ఆస్పత్రిలా ఉంటుంది, చూసినవాళ్లు ఏమనుకుంటారు’ అంది. ప్లంబరేమో పాత టవల్ రాడ్ ఉన్నచోటే, అదే ఎత్తులో కొట్టేస్తానన్నాడు. టవల్ రాడ్ తువ్వాలు బరువు మోస్తుంది. కళ్లు తిరిగిన మనిషి దాన్ని పట్టుకుంటే రాడ్డూ మనిషీ కలిసి కిందికొస్తారు. గ్రాబ్ బార్ మనిషి పూర్తి బరువును ఒక్క కుదుపులో తట్టుకోవాలి. దానికి స్టీల్ ఎంత ముఖ్యమో వెనకున్న గోడ అంత ముఖ్యం. మా పాతింట్లో ఎర్ర ఇటుక గోడ కాబట్టి యాంకర్ బోల్టులు గట్టిగా పట్టాయి. కొత్త అపార్ట్‌మెంట్లలో తేలిక బ్లాకుల గోడలుంటాయి, వాటిల్లో మామూలు ప్లాస్టిక్ ప్లగ్ నిలవదు. కెమికల్ యాంకర్ వాడాలి, లేదా కట్టేటప్పుడే ఆ భాగంలో కాంక్రీట్ పొయ్యాలి. ఆన్‌లైన్‌లో దొరికే, గోడకు అతుక్కునే సక్షన్ కప్పు హ్యాండిళ్ల మీద ప్రాణం పెట్టకండి.

ఎక్కడ బిగించాలో గూగుల్ చెప్పదు. అమ్మమ్మను కమోడ్ మీద కూర్చోబెట్టి, లేచేటప్పుడు కుడి చెయ్యి ఎటు పోతుందో చూసి అక్కడ చాక్‌పీస్‌తో గీత గీశాం. ఐదారుసార్లు లేచి కూర్చుంది పాపం. చెయ్యి ప్రతిసారీ దాదాపు ఒకేచోటికి వెళ్లింది. బార్ అక్కడే బిగించాం. ఎడమ వైపు పెట్టి ఉంటే ఆమెకు ఎందుకూ పనికొచ్చేది కాదు. స్నానం చేసేచోట నిలువుగా ఇంకోటి పెట్టాం.

సీటు ఎత్తు సంగతీ ఇంతే. మార్కెట్లో దొరికే మామూలు కమోడ్ 16 అంగుళాల దగ్గర ఉంటుంది. మోకాళ్లు అరిగినవాళ్లకు అంత కిందికి దిగి లేవడం నరకం. 18, 19 ఉంటే నయం. అలాగని అందరికీ అదే పెట్టకూడదు. మా అమ్మమ్మ నాలుగడుగుల పది అంగుళాలు, సీటు మరీ ఎత్తైతే పాదాలు గాల్లో వేలాడతాయి. చివరికి మామూలు కమోడ్ మీద రెండు అంగుళాల ప్లాస్టిక్ రెయిజర్ సరిపోయింది. ఇండియన్ టాయిలెట్ మాత్రమే ఉన్న ఇళ్లల్లో దాని మీదుగా వేసే కమోడ్ కుర్చీలు దొరుకుతాయి. నాలుగడుగుల వెడల్పున్న బాత్రూమ్‌లో వీల్‌ఛైర్ ఎలాగూ తిరగదు. అక్కడ చక్రాలున్న షవర్ కమోడ్ ఛైర్‌ని వెనక్కి నెట్టుకుంటూ నేరుగా కమోడ్ మీదికి తీసుకెళ్లడం తేలిక.

ఇక స్నానం. చాలా ఇళ్లల్లో పెద్దవాళ్లు చెక్కపీట మీద కూర్చుని, పక్కన బకెట్ పెట్టుకుని, చెంబుతో పోసుకుంటారు. ఆ పీట ఆరు అంగుళాలు కూడా ఉండదు. తడి నేల మీద, తడి చీర కాళ్లకు చుట్టుకుని ఉండగా అంత కింద నుంచి లేవాలి. చేతులున్న బాత్ ఛైర్, హ్యాండ్ షవర్ పెట్టాం. హ్యాండ్ షవర్ అమ్మమ్మకు నచ్చలేదు, ‘పోసుకున్నట్టే ఉండదు’ అంది. సరే, బకెట్‌నే కుర్చీ ఎత్తుకు లేపుతూ చిన్న గట్టు కట్టించాం. ఇప్పుడు వంగక్కర్లేదు, చెంబూ చేతిలోనే ఉంది. మడత చీర అందేంత ఎత్తులో ఒక కొక్కెం. ఇదంతా ఏ మార్గదర్శకంలోనూ కనిపించలేదు.

షుగర్ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే గీజర్ కూడా చూడండి. కాళ్లల్లో స్పర్శ తగ్గితే నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో తెలియదు, బొబ్బలెక్కాకే తెలుస్తుంది. థర్మోస్టాట్ తగ్గించి పెట్టడానికి ఒక్క నిమిషం చాలు.

టైల్స్ గ్లాసీ వద్దు, మ్యాట్ వెయ్యండి. షాపులో ఆర్10, ఆర్11 రేటింగ్ అడగండి, ఆ అంకె పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది. ఎంత పట్టున్న టైల్ అయినా సబ్బు పేరుకుంటే జారుతుంది కాబట్టి వారానికోసారి రుద్దాల్సిందే. ఇంకో మాట: తెల్ల గోడ, తెల్ల నేల, తెల్ల కమోడ్ ఫొటోలో బావుంటాయి. శుక్లాలున్న కళ్లకు మాత్రం సీటు అంచు ఎక్కడుందో కనబడదు. మేం సీటు ముదురు నీలం రంగుది వేయించాం.

గుమ్మం దగ్గర ఆరు అంగుళాల మెట్టు మాత్రం అలాగే ఉంది. పైపులు పోవడానికి బాత్రూమ్ నేల ఎత్తుగా కట్టారు, అది దించాలంటే మొత్తం తవ్వాలి. నిబంధన ప్రకారం 1:12 వాలుతో ర్యాంప్ వెయ్యాలంటే ఆరడుగులు కావాలి, అంత జాగా లేదు. మెట్టును రెండు చిన్న మెట్లుగా చేసి, పక్కన ఇంకో బార్ బిగించాం. వీల్‌ఛైర్ అవసరమైన రోజున ఇది చాలదని తెలుసు.

మొత్తం ఖర్చు 60 వేల పైచిలుకు. అందులో ఎక్కువ భాగం కొట్టడానికీ, కొట్టింది పూడ్చడానికీ అయింది. అమ్మమ్మ ఇప్పుడు ఒక్కతే వెళ్లి తలుపు వేసుకుంటుంది. మొదటి వారం అమ్మ బయటే నిలబడేది. ‘నువ్వెళ్లి పడుకోవే’ అని లోపలినుంచి కేకేసేది. రాత్రి మంచం పక్కన రాగి చెంబు నిండా నీళ్లు పెట్టించుకుంటోంది.

ఈ మధ్య మా తమ్ముడు హైదరాబాద్‌లో కడుతున్న ఒక ఫ్లాట్ చూశాడు. నేనూ వెంట వెళ్లాను. బాత్రూమ్ ఫ్రేములు మూడడుగులు పెడతారా, కమోడ్ పక్క గోడలో కాంక్రీట్ పోస్తారా అని అడిగాం. సేల్స్ అబ్బాయి నవ్వి, ‘ఇంకా పెళ్లి కూడా కాలేదు, మీకెందుకు సార్ ఇవన్నీ’ అన్నాడు. సైట్ ఇంజనీర్ మాత్రం నవ్వలేదు, ప్లాన్ తెప్పించి చూశాడు. గోడలు ఇంకా లేవలేదు కాబట్టి ఫ్రేమ్ ధరలో తేడా ఇస్తే చాలన్నాడు. ఒక బాత్రూమ్‌కి కుదిరింది. రెండోదానికి పిల్లర్ అడ్డం వచ్చింది.