జేబులోని పంతులు

బెజ్జంకి నుండి సౌదీకో దుబాయికో కూలికి వెళ్లే మన పిల్లలకు అరబ్బీ నేర్పే బడి ఏది? అయినా ఆ భాష మనకు బొత్తిగా కొత్తది కాదు. కితాబు, కుర్సీ, దుకాణం, హిసాబు, జవాబు, తారీఖు – ఇవన్నీ అరబ్బీ నుండి ఉర్దూ మీదుగా మన ఊళ్లకు వచ్చినవే.

అయితే అన్ని మాటలనూ నమ్మరాదు సుమండీ! మనకు మాఫీ అంటే అప్పు కొట్టివేత. అక్కడి వాడుకలో ‘మాఫీ’ అంటే ‘లేదు’. ‘ఫులూస్ మాఫీ’ అన్నారంటే డబ్బులు లేవని.

అసలు జాగ్రత్త అంకెల దగ్గర. అరబ్బీ అయిదు మన సున్నాలా ఉంటుంది, సున్నా ఒట్టి చుక్క. 1500 అని ఉన్న జీతం కాగితం చూసి, చుక్కలను వదిలేసి, మనవాడు పది అనుకుంటాడు. ఆరేమో మన 7ను పోలి ఉంటుంది. మాటలు కుడి నుండి ఎడమకు రాసినా, అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుండి కుడికి.

దీనికి పంతులు జేబులోనే ఉన్నాడు. రియాలు నోటు ఒక వైపు అరబ్బీ అంకెలు, రెండో వైపు మనకు తెలిసిన అంకెలు ఉంటాయి. దుకాణంలో ‘బికమ్?’ (ఎంత?) అని అడిగి, చెప్పిన ధరను చేతిలోని నోటుతో పోల్చుకుంటే పాఠం అయినట్లే.

ప్రయాణానికి ముందే ఆ పది అంకెలను గోడ మీద బొగ్గుతో రాసుకోండి. అన్నం తినేటప్పుడు ఇల్లాలు ఒక్కొక్కటే అడగాలి. జీతం చీటీ ఫోటో ఇంటికి వచ్చిన నాడు, దాన్ని చదవవలసింది ఆమే కదా!