కెమెరాకు కన్ను ఎవరు పెడుతున్నారు? కంప్యూటర్ విజన్‌లో మన పిల్లలకు ఉన్న దారులు

ఉపాధి హామీ పనికి వెళ్లిన అమ్మలకు, అక్కలకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనిచోట్లా హాజరు పడాలంటే మేట్ సెల్‌ఫోన్‌లో రోజుకు రెండుసార్లు ఫొటో దిగాల్సి వచ్చింది. సిగ్నల్ లేకపోయినా, యాప్ మొరాయించినా, మట్టి మోసినవాళ్ల కూలికే గండం. చివరికి 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒక సర్క్యులర్ ఇచ్చింది. పనితో సంబంధం లేని ఫొటోలు, ఫొటోకు తీసిన ఫొటోలు కూడా యాప్‌లోకి ఎక్కుతున్నాయని, వాటిని మనుషులే సరిచూడాలని చెప్పింది. అంటే అప్పటికి ఆ యాప్‌కు కెమెరా ఉండేది గానీ కన్ను ఉండేది కాదు.

ఫొటోలో ఏముందో యంత్రం పోల్చుకునేలా చేసే విద్యే కంప్యూటర్ విజన్. కృత్రిమ మేధలో ఇదొక పెద్ద శాఖ. రేపు హాజరు పట్టీ దగ్గరా, రేషన్ షాపు దగ్గరా, పోలీసు చెక్‌పోస్టు దగ్గరా మన ముఖాన్ని చూసేది ఇదే. అందుకే దీన్ని ఇంజినీరింగ్ పిల్లల గొడవగా వదిలేయడానికి లేదు.

ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. కంప్యూటర్‌కు ఫొటో అంటే అంకెల పట్టిక. 640 అడ్డం, 480 నిలువు ఉన్న చిన్న ఫొటోలో 3,07,200 చుక్కలుంటాయి. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు, ఒక్కోటి 0 నుంచి 255 లోపు. మొత్తం 9,21,600 అంకెలు. ఇందులో గేదె ఎక్కడుందో, మనిషి ఎక్కడున్నాడో సూత్రం రాసి చెప్పడం ఎవరి తరమూ కాలేదు. కాబట్టి ఉదాహరణలు చూపించారు. వేలు, లక్షల ఫొటోల్లో మనుషులే కూర్చుని గేదె చుట్టూ గీత గీసి 'గేదె' అని పేరు పెడితే, మోడల్ తన తప్పులు దిద్దుకుంటూ నేర్చుకుంటుంది. 2012లో అలెక్స్‌నెట్ అనే మోడల్ ఈ పద్ధతిలోనే మిగతావాటిని చాలా వెనక్కి నెట్టేసింది. ఈ రంగం ఊపందుకుంది అప్పటినుంచే.

అలెక్స్‌నెట్ నేర్చుకున్నది ఇమేజ్‌నెట్ అనే ఫొటోల భాండాగారం నుంచి. అందులో 1 కోటి 40 లక్షలకు పైగా ఫొటోలున్నాయి. వాటికి పేర్లు పెట్టింది ప్రొఫెసర్లు కాదు. 160కి పైగా దేశాల నుంచి ఆన్‌లైన్‌లో ముక్కకింత లెక్కన పనిచేసిన దాదాపు 49 వేల మంది. పేరు యంత్రానికి, చాకిరీ మనిషికి. ఈ మాట మనకు కొత్తేమీ కాదు.

ఆ పనిని డేటా లేబులింగ్, అనోటేషన్ అంటారు. డిగ్రీ చదివిన మన పిల్లలకు ఈ రంగంలో మొదట దొరికే ఉద్యోగం ఎక్కువగా ఇదే. దీన్ని చిన్నచూపు చూడొద్దు, కానీ అక్కడే ఆగిపోవద్దు కూడా. గీతలు గీస్తున్నప్పుడే ఏ ఫొటోల దగ్గర అనుమానం వస్తోందో, నియమాల్లో ఏది సరిపోవడం లేదో రాసిపెట్టుకుంటే నాణ్యత తనిఖీ పనికి, అక్కడి నుంచి డేటా సిద్ధం చేసే పనికి ఎదగొచ్చు. ఆ పక్కనే పైథాన్ నేర్చుకుంటే మోడల్‌కు శిక్షణ ఇచ్చే పని కూడా చేతికి వస్తుంది.

ఎవరి ఫొటోలతో నేర్పారన్నది చిన్న విషయం కాదు. 2018లో జాయ్ బువోలంవిని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి మహిళా పరిశోధకులు పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ముఖాన్ని చూసి ఆడో మగో చెప్పడమే వాటి పని. తెల్లగా ఉన్న మగవాళ్ల విషయంలో తప్పులు 0.8 శాతం దాటలేదు. నల్లగా ఉన్న ఆడవాళ్ల విషయంలో 34.7 శాతం దాకా పోయాయి. ఇక ఇక్కడి సంగతి: రోడ్డు మీద ఆపి పోలీసులు ముఖం ఫొటో తీశారంటూ హైదరాబాద్‌కు చెందిన ఒక సామాజిక కార్యకర్త వేసిన వ్యాజ్యంపై 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ఇలాంటి వ్యవస్థలను పరీక్షించి, ఎవరి దగ్గర తప్పుతున్నాయో లెక్క తీసి చూపడం కూడా ఇప్పుడొక వృత్తి. ఆ పనికి లెక్కలతో పాటు వాడ జీవితం తెలిసినవాళ్లు కావాలి.

సాధనాలకు పెద్దగా డబ్బు పెట్టక్కర్లేదు. పైథాన్ ఉచితం. ఫొటోలను కత్తిరించి, సరిదిద్దే ఓపెన్‌సీవీ ఉచితం. మోడళ్లు కట్టే పైటార్చ్, టెన్సర్‌ఫ్లో, ఫొటోల మీద గీతలు గీసే సీవీఏటీ, లేబుల్ స్టూడియో కూడా ఉచితంగా దొరుకుతాయి. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు లేని హాస్టల్ పిల్లలకు గూగుల్ కోలాబ్ పెద్ద ఆసరా. బ్రౌజర్ తెరిస్తే చాలు, వాళ్ల కంప్యూటర్ మనకు పనిచేసి పెడుతుంది. కాకపోతే ఉచిత సెషన్ ఎక్కువలో ఎక్కువ 12 గంటలే, మధ్యలోనూ తెగిపోవచ్చు. చేసిన పనిని ఎప్పటికప్పుడు డ్రైవ్‌లో దాచుకోవాలి. గణితం భయపెడుతుంది, నిజమే. కానీ ఇంటర్ స్థాయి మాత్రికలు, అవకలనం, సంభావ్యత గట్టిగా వస్తే మొదలుపెట్టొచ్చు.

ప్రైవేటు ఐటీ ఉద్యోగాల్లో రిజర్వేషన్ లేదు. అక్కడ చాలా ఉద్యోగాలు రిఫరల్ మీద నడుస్తాయి. రిఫరల్ అంటే తెలిసినవాళ్ల మాట, తెలిసినవాళ్లంటే తరచూ తమ కులంవాళ్లే. ఈ గోడను పూర్తిగా పడగొట్టలేకపోయినా, గిట్‌హబ్‌లో పెట్టిన సొంత ప్రాజెక్టు కొంత పగులు తెస్తుంది. అందరూ చేసే కుక్కా పిల్లీ ప్రాజెక్టు వద్దు. మీ వీధిలో మూతలేని మురుగు కాల్వలను ఫొటోల్లో గుర్తించే మోడల్ చేయండి. లేదా పాత పట్టా కాగితాలను చదివించండి. టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అచ్చు తెలుగు చదువుతుంది, చేతిరాత పహాణీ దగ్గర బోల్తా పడుతుంది. ఎక్కడ, ఎందుకు పడిందో విడమరచి రాసినా అది మంచి ప్రాజెక్టే.

చదువు దారి విషయానికొస్తే, దేశంలో మొదట కృత్రిమ మేధలో బీటెక్ పెట్టింది ఐఐటీ హైదరాబాద్, 2019లో. ఐఐటీల్లో బీటెక్ చదివే ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. 2024 నుంచి గేట్‌లో డేటా సైన్స్, కృత్రిమ మేధకు విడిగా పేపరుంది. ఎస్సీ, ఎస్టీలకు దరఖాస్తు ఫీజు సగమే, అర్హత మార్కులు జనరల్ కటాఫ్‌లో మూడింట రెండు వంతులు. గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టయిపెండ్ వస్తుంది. ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ పరీక్ష ఫీజులో మనకు సగం రాయితీ ఉంది, దరఖాస్తులో కుల ధ్రువపత్రం పెట్టడం మరవొద్దు.

ఒక జాగ్రత్త. 'ఏఐ ఉద్యోగం గ్యారంటీ, ముందు లక్ష కట్టండి' అనే బోర్డులు అమీర్‌పేటలోనూ, వాట్సాప్‌లోనూ చాలా కనిపిస్తాయి. ఇంటి నుంచే లేబులింగ్ పని ఇస్తాం, రిజిస్ట్రేషన్ ఫీజు పంపమంటారు. పని ఇచ్చేవాడు జీతం ఇస్తాడు గానీ ఫీజు అడగడు. ఆ లక్షలో సగం పెట్టినా సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, ఏడాది ఇంటర్నెట్ వచ్చేస్తాయి.