మందుల ప్రకటనలు - వైద్యుని విచక్షణ

మందును మ్రింగువాడు రోగి. వెల యిచ్చువాడును రోగియే. కాని దానిని ఎన్నుకొనువాడు వైద్యుడు. అందుచేతనే మందుల కంపెనీల ప్రకటనలు వైద్యుని వెదకికొనుచు పోవును. రెడ్డిగూడెం వంటి ఊళ్లలో డాక్టరుగారి చీటీని ప్రశ్నించువారు అరుదు. కావున ఆ ప్రకటనల సత్యాసత్యములు తిరువూరు ప్రాంతపు రైతు ఆరోగ్యమునకును, ఇంటి ఖర్చునకును సంబంధించినవి.

ఆక్షేపణీయములైన మందుల ప్రకటనలను నిషేధించుచు 1954లో మన పార్లమెంటు ఒక చట్టము చేసినది. మధుమేహము, కాన్సరు వంటి వ్యాధులను నయము చేయుదుమని ప్రజలకు చాటుట నేరమైనది. అయితే రిజిస్టరయిన వైద్యులకు మాత్రమే గోప్యముగా పంపు ప్రకటనలకు అందు మినహాయింపు కలదు. చదువుకొన్న వైద్యుడు మోసపోడని కాబోలు!

ఈ నమ్మకము ఎంతవరకు నిలుచును? స్పెయిను వైద్యపత్రికలలోని రక్తపోటు, కొలెస్టరాల్ మందుల ప్రకటనలను పరీక్షించిన ఒక పరిశోధన 2003లో 'లాన్సెట్' పత్రికలో వెలువడినది. ప్రకటనలు ఆధారములుగా చూపిన వ్యాసములను తెప్పించి చదువగా, నూటికి 44 చోట్ల అవి ప్రకటనలోని మాటను బలపరచలేదు. తరచుగా జరిగిన దేమనగా, ఒక తరహా రోగులపై పరీక్షించిన మందును మరొక తరహావారికి సిఫారసు చేయుట.

అసత్యమాడకయే భ్రమ గొల్పుటయు కలదు. 1987లో వెలువడిన ఒక ఫిన్లండు పరిశోధనలో జెంఫిబ్రోజిల్ అను మందును అయిదేండ్లు పరీక్షించిరి. మందు పుచ్చుకొనని వేయిమందిలో సుమారు 41 మందికి గుండెజబ్బు వచ్చినది. పుచ్చుకొన్నవారిలో 27 మందికి వచ్చినది. దీనిని 'నూటికి 34 వంతుల తగ్గుదల' అనవచ్చును; 'వేయిమందిలో 14 మందికి మేలు' అనియు అనవచ్చును. రెండును నిజములే. మొదటిది విన్న వైద్యుని చేయి కలముపైకి పోవును. రెండవది విన్నవాడు ఒక్క క్షణము ఆలోచించును. మొత్తము మరణములలో మాత్రము రెండు వర్గములకును చెప్పుకోదగిన భేదము కానరాలేదు.

2024లో భారత ప్రభుత్వము మందుల విక్రయ ప్రచారమునకు ఒక నియమావళిని ప్రకటించినది. 'సురక్షితము' అను మాటను షరతు లేక వాడరాదు; దుష్ఫలితములు లేనే లేవనరాదు; దేశమున ఏడాదికి మించి దొరకుచున్న మందును 'కొత్తది' అనరాదు. కాని ఫిర్యాదులను మొదట విచారించునది కంపెనీల సంఘములలోని సమితులే.

కనుక చివరి కాపలా వైద్యునిదే. ఎవరిపై పరీక్షించిరి? వేయింటికి ఎందరికి మేలు? పాత చౌకమందు కంటె ఇది ఎందు మిన్న? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రానిదే చీటీ వ్రాయని వైద్యుడు రోగికి నిజమైన ఆప్తుడు.