ఎవరీ ఆస్కార్?

బంగారు బొమ్మకు ముందు ఆ పేరు ఓ గేలిక్ వీరుడిది. ఐర్లండ్ జానపద గాథల్లోంచి బయల్దేరి, స్వీడన్ సింహాసనం ఎక్కి, హాలీవుడ్ చేరిన పేరు కథ ఇది.

2023 మార్చిలో ‘నాటు నాటు’ పాటకు కీరవాణి, చంద్రబోస్ అవార్డు అందుకున్నాక ఆస్కార్ మనకూ ఇంటి మాటైపోయింది. కానీ ఆ పేరుకు అసలు హక్కుదారు ఐర్లండ్ పురాగాథల్లోని ఓ కుర్రవాడు. బతికినన్నాళ్లూ కత్తి దించలేదు, ముసలితనం చూడలేదు.

లేడి కడుపున పుట్టిన వంశం

గేలిక్ గాథల్లో ఫియానా అనే వీరుల దండు ఉంది. దానికి నాయకుడు ఫిన్ మాక్ కూల్. అతని భార్య సైవ్ మంత్రగాడి శాపానికి లేడిగా మారుతుంది. వాళ్ల కొడుకు ఓషీన్. ఆ మాటకు లేడిపిల్ల అని అర్థం. ఓషీన్ కొడుకే ఆస్కార్. ‘ఓస్’ అంటే లేడి, ‘కార’ అంటే నేస్తం, కలిపితే లేడి నేస్తం అన్నది ఎక్కువమంది చెప్పే వివరణ. ‘దేవుడి ఈటె’ అనే పాత ఇంగ్లిష్ పేరు ఓస్‌గార్ నుంచి వచ్చిందనేవాళ్లూ లేకపోలేదు. నాన్నమ్మే లేడి అయిన ఇంట్లో మొదటి అర్థమే ముచ్చటగా అతుకుతుంది.

ఫియానాలో ఆస్కార్‌ను మించిన యోధుడు లేడు. గావ్రా యుద్ధంలో రాజాధిరాజు కార్బ్రె, ఆస్కార్ ఒకరి చేతిలో ఒకరు నేలకూలారు. ఫిన్ జన్మలో రెండుసార్లే ఏడ్చాడంటారు కథకులు: వేటకుక్క బ్రాన్ చనిపోయినప్పుడు ఒకసారి, ఈ మనవడి కోసం ఒకసారి. ఫియానాలో మిగిలిన ముసలి వీరులు సెయింట్ ప్యాట్రిక్‌కు ఆ పాత ముచ్చట్లన్నీ వినిపిస్తారు. సూతుడు శౌనకాదులకు పురాణం చెప్పినట్టే సాగే ఆ సంవాదం 1200 ప్రాంతంలో గ్రంథస్థమైంది.

వివాదం మోసుకెళ్లిన పేరు

ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెల్లో పొయ్యి చుట్టూ తిరిగిన ఆ పేరును ఐరోపా అంతటికీ పంచినవాడు జేమ్స్ మాక్‌ఫెర్సన్ అనే స్కాట్లండ్ రచయిత. ఓషీన్‌ను ఓషియన్ చేసి, ఆ ప్రాచీన కవి కావ్యాలకు ఇవి ఇంగ్లిష్ అనువాదాలంటూ 1760 నుంచి వరసగా పుస్తకాలు వేశాడు. జనం వెర్రెత్తిపోయారు. జర్మన్ రచయిత గోథే తన నవలలో వాటికి చోటిచ్చాడు. ఇంగ్లిష్ విమర్శకుడు సామ్యూల్ జాన్సన్ మాత్రం మోసమని కొట్టిపారేశాడు. చివరికి 1805లో ఓ విచారణ సంఘం తేల్చిందేమంటే, ఆ వీరుల పాటలు ప్రజల నోట ఉన్నమాట నిజమే. మాక్‌ఫెర్సన్ అచ్చువేసిన కావ్యాలతో సరిపోయే మూలం మాత్రం ఒక్కటీ దొరకలేదు.

ఆ తీర్పు వచ్చేసరికే పేరు చేయి దాటిపోయింది. ఓషియన్ కావ్యాలంటే నెపోలియన్‌కు ప్రాణం. ఫ్రెంచి జనరల్ బెర్నాడోట్‌కు 1799లో కొడుకు పుడితే, బిడ్డకు జ్ఞానతండ్రిగా నెపోలియనే ఆస్కార్ పేరు సూచించాడంటారు. బిడ్డ తల్లి డెజిరే క్లారీ, ఒకప్పుడు నెపోలియన్‌తో పెళ్లి నిశ్చయమైన అమ్మాయే! విధి ఇంకో మలుపు తిప్పింది. వారసుడు లేని స్వీడన్ 1810లో బెర్నాడోట్‌ను యువరాజుగా ఎన్నుకుంది. ఆయన తర్వాత 1844లో కొడుకు మొదటి ఆస్కార్‌గా స్వీడన్, నార్వేలకు రాజయ్యాడు. 1872 నుంచి 1907 వరకు స్వీడన్‌ను ఏలింది రెండో ఆస్కార్. స్వీడన్ యువరాణి విక్టోరియా 2016లో పుట్టిన కొడుక్కీ అదే పేరు పెట్టుకుంది.

డబ్లిన్ నుంచి బ్రెజిల్ దాకా

1854లో డబ్లిన్‌లో పుట్టిన ఆస్కార్ ఫింగల్ వైల్డ్ పేరులో మనవడూ తాతా ఇద్దరూ ఉన్నారు. మాక్‌ఫెర్సన్ కావ్యాల్లో ఫిన్ పేరే ఫింగల్ మరి. తల్లి జేన్ ఐరిష్ జాతీయోద్యమ కవయిత్రి, తండ్రి జానపద కథలు సేకరించిన వైద్యుడు. ఆ ఇంట్లో ఆ పేరు పడకపోతేనే ఆశ్చర్యం.

స్పానిష్, పోర్చుగీస్ మాట్లాడే దేశాలూ ఈ పేరును తమది చేసుకున్నాయి. బ్రెజిల్ వాస్తుశిల్పి ఆస్కార్ నీమయర్, 1987లో నోబెల్ శాంతి బహుమతి పొందిన కోస్టారికా అధ్యక్షుడు ఆస్కార్ ఆరియాస్, 1980లో హత్యకు గురై 2018లో పునీతుడిగా ప్రకటితుడైన ఎల్ సాల్వడార్ ఆర్చ్‌బిషప్ ఆస్కార్ రొమేరో అందుకు సాక్ష్యం. ఇంగ్లండ్, వేల్స్‌లో 2013లో మగపిల్లలకు పెట్టిన మొదటి పది పేర్లలో ఇదొకటి.

ఇక బొమ్మ సంగతి. 1929లో తొలిసారి అవార్డులు ఇచ్చినప్పుడు దానికి ముద్దుపేరేమీ లేదు. అకాడమీ లైబ్రేరియన్ మార్గరెట్ హెరిక్ దాన్ని చూసి ‘అచ్చం మా ఆస్కార్ బాబాయిలా ఉంది’ అందని కథ. ఆ పేరు పెట్టింది మేమేనన్నవాళ్లు మరికొందరున్నారు. అకాడమీ 1939లో దానికి అధికారిక ముద్ర వేసింది.

గమనిస్తే, ఇన్ని మజిలీల్లో ఎక్కడా ఈ పేరును ముందుకు నడిపింది దాని అర్థం కాదు. లేడి నేస్తమా, దేవుడి ఈటా అని నెపోలియన్ ఆరా తీసి ఉండడు. కథ నచ్చింది, పేరు పెట్టాడు. స్టాక్‌హోమ్‌లో ఆ పేరు వింటే రాజు గుర్తొస్తాడు, శాన్ సాల్వడార్‌లో పునీతుడు. పుట్టినింట్లో కథ ఇంకా బతికే ఉంది. ఐర్లండ్‌లో ఇప్పుడు ఫిన్, ఓషీన్ పేర్లకూ మంచి గిరాకీ. దాంతో తాత, తండ్రి, మనవడు ముగ్గురూ ఒకే తరగతి హాజరుపట్టీలో ‘ప్రెజెంట్ టీచర్’ అనే రోజులొచ్చాయి.